ఇంగ్లీషు బందరులో, ఓనమాలు పాలెంలో

1841లో ఇద్దరు ఇంగ్లీషు పాదిరీలు మద్రాసులో దిగి అక్కణ్ణుంచి బందరు చేరారు. ఒకరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, కేంబ్రిడ్జిలో చదివినవాడు. రెండో ఆయన హెన్రీ వాట్సన్ ఫాక్స్, ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు, నోబుల్ కంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఇద్దర్నీ పంపినది చర్చి మిషనరీ సొసైటీయే. చేరింది ఒకే ఊరైనా వాళ్ళు పట్టిన దారులు మాత్రం వేరు. ఊరూరా తిరిగి తెలుగులో సువార్త చెప్పాలని ఫాక్స్ తాపత్రయం. బందరులో కుదురుగా ఇంగ్లీషు బడి పెట్టి పెద్ద కులాల పిల్లల్ని చేరదీయాలని నోబుల్ పట్టుదల.

ఫాక్స్ శరీరం ఆ తిరుగుడుకు తట్టుకోలేదు. భార్య 1845లో చనిపోయింది. ఆయన ఒకసారి స్వదేశం వెళ్ళివచ్చి, మళ్ళీ జబ్బుపడి, తిరిగి వెళ్ళి 1848లో ముప్పై దాటీ దాటకముందే కన్నుమూశాడు. నోబుల్ మాత్రం పాతికేళ్ళకు దగ్గరగా బందరులోనే ఉండిపోయాడు, ఒక్కసారి కూడా ఇంగ్లాండు వెళ్ళలేదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీద పడి దాదాపు 30 వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెనను చూశాడు. మరుసటి ఏడాది అక్టోబరులో అక్కడే పోయాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆయన బడి నోబుల్ కాలేజీగా పేరు తెచ్చుకుంది.

పల్లెకు వెళ్ళి బడి పెట్టిన విదేశీ పాదిరీల కథ తెలుగునాట ఎక్కడ మొదలవుతుందని అడిగితే చాలామంది ఈ నోబుల్ పేరే చెబుతారు. అసలు కథ బందరు దాటాకే మొదలవుతుంది. నోబుల్ బడి తలుపు ఎవరికి తెరుచుకుంది, ఎవరికి తెరుచుకోలేదు అన్న దగ్గర.

బందరు చేరాక నోబుల్ రెండేళ్ళు మునిషీల దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. 1843 నవంబరులో బడి తెరిచాడు. అప్పటికి ఇంగ్లీషు చదువుకు గిరాకీ మొదలైంది. 1830లో అలెగ్జాండర్ డఫ్ కలకత్తాలో ఇంగ్లీషు బడి పెట్టి, పై కులాల కుర్రవాళ్ళకు పాశ్చాత్య విద్య చెబితే మతం దానంతట అదే మెత్తబడుతుందని వాదించాడు. 1835లో మెకాలే నివేదిక సర్కారు ఖజానాను ఇంగ్లీషు వైపు తిప్పింది. నోబుల్ ఆలోచన కూడా డఫ్ దారిలోదే. బ్రాహ్మణ, వెలమ కుటుంబాల పిల్లలు రావాలంటే పంచముల, అంటే అంటరానివాళ్ళుగా చూసిన కులాల, పిల్లల్ని చేర్చుకోకూడదు. తోటి మిషనరీలు తప్పుపట్టినా ఆయన చేర్చుకోలేదు. ఆయన నమ్మకంలో నిజాయితీ ఉంది, కాని ఆ నమ్మకానికి ఖరీదు కట్టినవాళ్ళు బడి బయట నిలబడ్డ పిల్లలు. ఈ మాట కప్పిపుచ్చకుండా చెప్పుకోవాలి.

నోబుల్ పథకం ఒక్కసారి నిజంగానే ఫలించింది, ఫలించిన రోజునే బడి మూతపడేంత పనైంది. 1852లో మంచాల రత్నం అనే బ్రాహ్మణ విద్యార్థి, అయినాల భూషణం అనే వెలమ విద్యార్థి ఇల్లు విడిచి నోబుల్ బంగళాకు వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. ఊరంతా కదిలింది. బంగళా ముందు జనం గుమిగూడారు. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. తరువాత కొన్ని నెలల్లోనే పిల్లలు ఒక్కొక్కరే మళ్ళీ వచ్చి కూర్చున్నారు. మతభయం కంటే ఇంగ్లీషు అవసరం బలంగా ఉన్న రోజులవి. కచేరీలో, కోర్టులో, కలెక్టరు ఆఫీసులో ఉద్యోగం ఆ భాషతోనే వచ్చేది. రత్నం, భూషణం తరువాత పాదిరీలయ్యారు. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు తీసుకుని మతాన్ని వదిలేసి ఉద్యోగాలకు వెళ్ళిపోయారు.

ఇక పల్లెల మాట. దొరలు రాకముందు మన ఊళ్ళలో బడే లేదనుకుంటే అది పెద్ద పొరపాటు. గవర్నరు థామస్ మన్రో 1822లో ఆరా తీయిస్తే మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు లెక్కకు వచ్చారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక చదివితే వీధిబడి కళ్ళకు కడుతుంది. పొద్దున ఆరు గంటలకల్లా పిల్లలు చేరాలి. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, ఆ తరువాత వచ్చినవాడికి ఇంకొకటి, అలా పెరుగుతూ పోతాయి. కొత్తగా చేరినవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెబుతారు. ఖర్చు తక్కువ, పని చక్కగా సాగేది.

అదే మన్రో లెక్కల్లో ఇంకో సంగతి ఉంది. తెలుగు జిల్లాల బడుల్లో బ్రాహ్మణ, వైశ్య పిల్లల వాటా తమిళ జిల్లాలకంటే చాలా ఎక్కువ. మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు ఆ ఇసుక దగ్గరకు రావడమన్నది దాదాపు లేదు. ఊరి బడి అంటే ఊరి లోపలి బడి. ఊరి బయట ఉన్నవాళ్ళకు కరణం రాసిందే రాత, షావుకారు చదివి చెప్పిందే పత్రం.

ఆ బయటివాళ్ళే మిషనరీలను వెతుక్కుంటూ వెళ్ళారు. మన చరిత్రలు సరిగ్గా ఈ ముక్కనే తిరగేసి చెబుతుంటాయి. దొరలు వచ్చి పాలేలను, అంటే ఊరి బయటి మాల, మాదిగ వాడలను, లేపారన్నట్టు రాస్తారు. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద 1859లో తనంతట తాను బెజవాడ వెళ్ళి టి.వై. డార్లింగ్ అనే మిషనరీని కలిశాడు. వెంకయ్యనూ ఆయన మనుషుల్నీ కలుపుకుని ఆ ఏడాదే రాఘవాపురం ప్రాంతంలో సంఘం మొదలైంది. ఏ సొసైటీ అయితే బందరులో పంచముల పిల్లలకు చోటు లేదందో, పదహారేళ్ళు తిరక్కుండానే అదే సొసైటీ తలుపు వెంకయ్య తట్టాడు.

ఒంగోలు దగ్గర కూడా ఇదే జరిగింది. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారి. సరుకు కోసం ఊళ్ళు తిరిగే మనిషి. క్రైస్తవం వినకముందే యోగమార్గంలో గురూపదేశం పొందినవాడు, బండికట్ల వీరమ్మ అనే గురువు శిష్యుడు. 1866లో ఆయన, ఆయన భార్య బాప్తిస్మం పుచ్చుకున్నారు. పేరయ్య ఏమీ తెలియని మనిషిగా మిషనరీ దగ్గరకు పోలేదు. దేవుడి గురించి తనకున్న ప్రశ్నలతో పోయాడు. ఆ తరువాత ఊరూరా తిరిగి చెప్పింది కూడా ఎక్కువగా ఆయనే.

పేరయ్య ప్రాంతంలో పనిచేసిన మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో భూములు సర్వే చేసినవాడు. 1865లో నెల్లూరు వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలుకు మకాం మార్చాడు. ఆయన కంటే ముందు అమెరికన్ బాప్టిస్టులు తెలుగునాట పాతికేళ్ళకు పైగా ఉన్నా అతికొద్దిమందే చేరారు. ఇక మూసేద్దామా అని అమెరికాలో పలుమార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారని ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు, జూలియా, రూతు.

ఒంగోలులో క్లౌ బడి పెడుతుంటే ఊళ్ళో బ్రాహ్మణ పెద్దలు సాయానికి వచ్చారు, పిల్లల్ని పంపుతామన్నారు. ఇంతలో మాదిగల బాప్తిస్మాలు మొదలయ్యాయి. వీళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు రారు, ఏదో ఒకటి తేల్చుకోమన్నారు పెద్దలు. బందరులో నోబుల్ ముందు నిలిచిన ప్రశ్నే ఇది. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, భార్య హారియట్ వేరే గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందని, లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడన్న ఆ మాటతో తేల్చుకున్నామని ఆయన తన జీవితకథలో చెప్పుకున్నాడు. బ్రాహ్మణ పిల్లలు వెళ్ళిపోయారు. క్లౌ వెళ్ళనిచ్చాడు. తెలుగు పల్లె విద్య చరిత్రలో ఇంత పెద్ద మలుపు ఇంకోటి అరుదు.

అలా మిగిలిన బడిలో ఏం చెప్పేవారు? ఇంగ్లీషు కాదు. ఆశ్చర్యంగా అనిపించవచ్చు గానీ, పల్లెకు వచ్చిన విదేశీ మిషనరీల్లో ఎక్కువమంది అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి గట్టిగా వ్యతిరేకులు. అమెరికన్ బాప్టిస్టుల ప్రతినిధులు 1853లో బర్మా వెళ్ళి అక్కడి ఇంగ్లీషు బడులు తగ్గించమన్నారు. మరో పెద్ద అమెరికన్ సంస్థ కార్యదర్శి రూఫస్ ఆండర్సన్ 1854, 55 సంవత్సరాల్లో భారత్, సిలోను తిరిగి, ఇంగ్లీషు నేర్చుకున్న కుర్రాడు ఊరు విడిచి ఉద్యోగానికి పోతాడే తప్ప సంఘానికి పనికిరాడని తేల్చాడు. సిలోనులోని యాళ్పాణం (జాఫ్నా) దగ్గర వడ్డుక్కోట్టై అనే పల్లెలో 1823 నుంచి ఎంతో పేరుతో నడిచిన బట్టికోట్టా సెమినరీని 1855లో మూయించాడు. ఆయన చెప్పిన కారణంలో సగం నిజం ఉంది. చదువుకున్న కుర్రాళ్ళు వెళ్ళిపోతున్న మాట వాస్తవమే. కాని బతుకు బాగుపడే దారి కనిపిస్తే వెళ్ళడం పిల్లల తప్పు ఎలా అవుతుంది? వాళ్ళకు ఏ భాష చాలునో సముద్రం అవతల కూర్చుని నిర్ణయించడం మాత్రం అన్యాయమే.

ఆ పల్లె బడి ఎలా ఉండేదో చూడాలి. దొర అక్కడ ఉండడు. గుర్రం మీదో ఎడ్లబండిలోనో చలికాలపు పర్యటనకు వచ్చి, ఊరి బయట తోపులో డేరా వేసి, రెండు రోజులుండి వెళతాడు. బడి నడిపేది పంతులు. ఆయన కూడా అదే మాల, మాదిగ కుటుంబాలవాడు, మిషన్ బోర్డింగులో నాలుగైదేళ్ళు చదివినవాడు. అతనికి సొంత గుడిసె, దాని ముందు తాటాకు పందిరి. ఆ పందిరే బడి, ఆదివారం అదే గుడి. పగలు పిల్లలు గొడ్లు కాయాలి, కోతలకు పోవాలి, పెద్దింట్లో జీతానికి ఉండాలి. అందుకే చాలాచోట్ల బడి పొద్దు పొడవక ముందో దీపాలు పెట్టాకో జరిగేది. ఆముదపు దీపం చుట్టూ పిల్లలు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు. ఇసుక, తరువాత పలకా బలపం, మద్రాసులో అచ్చయిన మిషన్ వాచకం. కీర్తనలు నోటికి వచ్చాక పుస్తకంలో అవే కీర్తనలు వేలు పెట్టి చదివించేవారు. పాట ముందే తెలుసు గనుక అక్షరం తొందరగా పట్టుబడేది. పురుషోత్తమ చౌదరి లాంటి తెలుగు కవులు కట్టిన ఆ కీర్తనలు ఎన్ని వేలమందికి ఓనమాలయ్యాయో.

ఊరు ఊరకుండలేదు. గొడ్లు కాయడానికి పిల్లాడు రాకపోతే జీతగాడు తగ్గినట్టే. ఆదివారం పని మానమని, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దని, విగ్రహాలు పూజించొద్దని క్లౌ పెట్టిన మూడు నియమాలూ ఊరి కట్టుబాటుకు ఎదురుపోయాయి. జాతర్లలో డప్పు కొట్టడం, చచ్చిన పశువును లాగడం మాదిగల వంతు. వాళ్ళు మానేస్తే ఊరి పనే ఆగుతుంది. చాకలి, మంగలి రాకుండా చేశారు. దొంగతనాలు అంటగట్టారు. పోలీసు, మునసబు, కరణం అందరూ ఒకవైపు. ఆ పంతులు ఒక అర్జీ రాయగలడన్నది ఆ రోజుల్లో పాలెం చేతికి దొరికిన పెద్ద ఆయుధం. పిల్లాడికి రెండు ముక్కలు వస్తే చాలు, పత్రం మీద ఏముందో మనమే చూసుకోవచ్చని పెద్దలు పంతుల్ని ఇమ్మని అడిగేవారంటే అందులో లోకజ్ఞానం ఉంది.

1876లో కరువు వచ్చింది. రెండేళ్ళు వాన లేదు. క్లౌ తన పాత సర్వే విద్యను బయటికి తీసి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది పలుగూ పారా పట్టి కూలి తీసుకున్నారు, మధ్యాహ్నం విరామంలో బోధకుల మాట విన్నారు. కూడు కోసం చేరతారన్న మాట పడకూడదని క్లౌ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సడలాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున నీళ్ళలోకి దిగి, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె ప్రపంచమంతా మిషన్ పత్రికలకు ఎక్కింది. ఆ మరుసటి రోజు నుంచి వందల పాలేలు పంతుల్ని పంపమని అడిగాయన్న సంగతికి మాత్రం అంత ప్రచారం రాలేదు.

పంతుళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? జీతం ఎవరిస్తారు? 1854లో వచ్చిన విద్యావిధాన పత్రం వుడ్స్ డెస్పాచ్ తరువాత ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇవ్వడం మొదలైంది. మద్రాసు రాజధానిలో చాలాకాలం ఫలితాన్ని బట్టి గ్రాంటు పద్ధతి నడిచింది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు, చదువు, రాత, లెక్క ఒక్కొక్కటీ అడుగుతాడు, పాసైన తలకింత అని డబ్బు. ఆ ఒక్కరోజు మీద పంతులు బతుకు ఆధారపడేది. ముందు వారం నుంచే పొలాల్లోంచి పిల్లల్ని పోగుచేసుకోవాలి. కొందరు ఇన్‌స్పెక్టర్లు పాలెంలో అడుగు పెట్టక ఊరి చావడి దగ్గరకే పిల్లల్ని పిలిపించేవారు. పద్ధతిగా చూస్తే ఇది క్రూరమైన పద్ధతి, చదువు పరుగెత్తాల్సిన చోట చిలకపలుకులు మిగిల్చింది. అయినా అంటరాని పిల్లాడి చదువుకు సర్కారు డబ్బు లెక్కగట్టి ఇచ్చిన మొదటి సందర్భాల్లో ఇదొకటి.

ఇంగ్లీషు ఈ మెట్ల వరుసలో చాలా పైన ఉండేది. పాలెం బడి నుంచి చురుకైన పిల్లాణ్ణి ఏరి మిషన్ బోర్డింగుకు పంపేవారు. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు, రాజమండ్రి, ఏలూరు, కాకినాడ, తరువాత హనుమకొండ, మెదకు. అక్కడ మొదటిసారి ఇంగ్లీషు వాచకం చేతికి వచ్చేది. ఒక పూట చదువు, ఒక పూట తోటపనో వడ్రంగమో. దాటినవాడు హైస్కూలుకు, ఆపైన మెట్రిక్యులేషనుకు వెళ్ళేవాడు. గుంటూరులో లూథరన్లు 1885లో కాలేజీ పెట్టారు, అదే ఇప్పటి ఏ.సి. కాలేజీ. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు పడ్డాక ఈ ఇంగ్లీషుకు విలువ ఇంకా పెరిగింది. రైల్వేలో, ఆస్పత్రిలో, మద్రాసు ఆఫీసుల్లో రెండు ముక్కల ఇంగ్లీషు ఉంటే కులం అడగని ఉద్యోగం కొద్దోగొప్పో దొరికేది.

ఆడపిల్లల చదువు వేరే దారిన నడిచింది. ఊరి లోపల పెద్ద కులాల ఇళ్ళకు మిషన్ దొరసానులు, బైబిలు స్త్రీలు వెళ్ళి కుట్టుపనితో పాటు అక్షరాలు నేర్పారు. పాలెం పిల్లలకు బోర్డింగ్ ఉంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా శారా కుగ్లర్ కట్టించిన ఆస్పత్రి, ఆ తరువాత అక్కడ సాగిన నర్సుల శిక్షణ ఈ ఆడపిల్లలకు తెరిచిన దారి చాలా పెద్దది. మందుల పేర్లు, చార్టులు, డోసులు అన్నీ ఇంగ్లీషులోనే కదా. పాలెంలో పుట్టిన పిల్ల తెల్ల చీర కట్టుకుని ఊరి పెద్దకు జ్వరం చూస్తున్న దృశ్యం ఒక తరంలోనే వచ్చింది. బడి పుస్తకాల్లో ఈ నర్సులకు ఒక పేజీ అయినా కేటాయించకపోవడం అన్యాయం.

మరో సంగతి అసలు చర్చకు రాదు. ఇంగ్లీషు నేర్పిన దొరల్లో ఎందరికి అది తల్లిభాష? 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ పాదిరీ ఫాదర్ హేయర్ జర్మనీలో హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, కుర్రతనంలో అమెరికా వలసపోయినవాడు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయన్ని గుంటూరులో ఉండమని ప్రోత్సహించి బడికి అండగా నిలిచాడు. హేయర్ ఆ తరువాత పల్నాడు దాకా వెళ్ళాడు. డెబ్బై ఆరేళ్ళ వయసులో మూడోసారి సముద్రం దాటి రాజమండ్రి మిషన్ నిలబెట్టడానికి వచ్చాడు. నాయుడుపేట, సూళ్ళూరుపేట వైపు పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీలు జర్మన్లు. 1890లో నల్లగొండలో కుదురుకున్న అబ్రహాం ఫ్రీసెన్ రష్యా సామ్రాజ్యంలోని మెనొనైట్ గ్రామాల నుంచి వచ్చాడు, ఇంట్లో మాట్లాడేది జర్మన్. ఇలాంటివాళ్ళు పాలెం పిల్లాడికి ఇంగ్లీషు చెబుతుంటే గురువుకీ శిష్యుడికీ అది పరాయి భాషే. మొదటి ప్రపంచయుద్ధం రాగానే జర్మన్ పాదిరీలను సర్కారు నిర్బంధించి పంపేసింది, వాళ్ళ బడులు అమెరికన్ లూథరన్ల చేతికి వెళ్ళాయి.

వీళ్ళంతా ముందు తెలుగు విద్యార్థులు. బందరు పాదిరీ ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో రాసిన తెలుగు వ్యాకరణం ఆ తరువాత దశాబ్దాల పాటు ఇక్కడికి వచ్చే విదేశీయులకు పాఠ్యపుస్తకంగా ఉపయోగపడింది. మునిషీ దగ్గర గ్రాంథికం నేర్చుకుని పాలెంలోకి వెళ్ళిన పాదిరీకి అక్కడి మాట అర్థమయ్యేది కాదు, ఆయన మాట వాళ్ళకీ అర్థమయ్యేది కాదు. ఈ చిక్కు గోదావరి పైన దుమ్ముగూడెంలో ఇంకా పెద్దది. అక్కడ కోయ పిల్లలకు తెలుగే రెండో భాష. 1870ల నుంచి అక్కడున్న జాన్ కెయిన్ కోయల గురించి ఇండియన్ ఆంటిక్వెరీలో వ్యాసాలు రాశాడు, కోయ భాషలో పుస్తకాలు వెలువరించాడు. ముందు పిల్లాడి భాష నేర్చుకుందామన్న ఆ ఓపికే అప్పటి బడుల్లో మెచ్చుకోదగ్గ గుణం.

నిజాం రాజ్యంలో లెక్క వేరు. అక్కడ సర్కారు చదువు ఉర్దూలో. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమమే. తెలుగు పిల్లాడికి తెలుగులో ఓనమాలు దిద్దించే బడి దొరకడమే కష్టమైన తాలూకాల్లో మిషన్ బడులు తెలుగూ ఇంగ్లీషూ రెండూ చెప్పాయి. మెదకులో వెస్లియన్ మిషనరీ చార్లెస్ పాస్నెట్ కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన పెద్ద చర్చి చూడటానికి ఇప్పటికీ జనం వెళతారు. దాని నీడలో పెరిగిన బడులు, పంతుళ్ళ శిక్షణ చూడటానికి ఎవరూ వెళ్ళరు.

ఆ బడుల నుంచి వచ్చినవాళ్ళందరూ ఇంగ్లీషు వెంటే పోలేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా మిషన్ బడుల్లోనే పంతులుగా పనిచేశాడు. గుంటూరులో లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పాఠాలు చెప్పాడు. ఆయన మాత్రం సంస్కృతాంధ్రాలు పట్టుకుని పద్యంలోకి వెళ్ళాడు. అందుకు పండితులూ తోటి క్రైస్తవులూ ఇద్దరూ ఆయన్ని ఇబ్బంది పెట్టారు. 1941లో ఆయన కావ్యం గబ్బిలం వచ్చింది. పాలెం బడి ఇచ్చిన తెలుగు అక్షరం ఎంత దూరం వెళ్ళగలదో దానితో తేలింది. ఇంగ్లీషు చాలదు, తెలుగు చాలదు, రెండూ తమకు కావాలని పాలెం ఎప్పటినుంచో అడుగుతూనే ఉంది.

ఆ అడగడం ఆగలేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ప్రాథమిక తరగతుల నుంచే ఇంగ్లీషు మాధ్యమం పెడుతూ ఉత్తర్వులిచ్చింది. మాతృభాషా ప్రేమికులు వద్దన్నారు. దళిత, బహుజన రచయితల్లో చాలామంది మీ పిల్లలు ఏ బడిలో చదివారని తిరిగి అడిగారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది. చిన్నపిల్లాడికి తల్లిభాషలో చదువే నిలుస్తుందన్న మాట నిజం. ఆ మాట చెబుతున్న నోళ్ళు ఎవరివన్న అనుమానం కూడా న్యాయమైనదే. నోబుల్ తలుపు మూసినప్పుడు, ఆండర్సన్ సెమినరీ మూయించినప్పుడు ఎవరూ అడగనిది పాలెం తల్లిదండ్రులనే.

ఈ చరిత్ర పని ఇంకా చాలా మిగిలి ఉంది. చర్చి మిషనరీ సొసైటీ కాగితాలు ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అమెరికన్ బాప్టిస్టుల దస్తావేజులు అట్లాంటాలో భద్రపరిచారు. వాటిలో దొరల ఉత్తరాలు కట్టలుకట్టలుగా దొరుకుతాయి. పంతులు మాత్రం ఆ ఉత్తరాల్లో చాలాసార్లు ఇంటిపేరు లేకుండా ఒక్క బాప్తిస్మపు పేరుతోనే కనిపిస్తాడు, లేదంటే బోధకుడు అన్న మాటతో సరిపెడతారు. ఇక్కడ మన ఊళ్ళలో పాత చర్చిల రిజిస్టర్లు, బోర్డింగు హాజరు పట్టీలు, గ్రాంటు రసీదులు ఎన్నో చెదలపాలవుతున్నాయి. గుంటూరు, ఒంగోలు, నల్లగొండ, మెదకు ప్రాంతాల విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదువుతున్న పిల్లల్లో ఆ పంతుళ్ళ మునిమనవలు, మునిమనవరాళ్ళు ఉన్నారు. ఆ కాగితాల్ని స్కాన్ చేయించి, పంతుళ్ళ పేర్లు, వాళ్ళు ఏ పాలెంలో ఎన్నేళ్ళు బడి నడిపారు, వాళ్ళ దగ్గర ఎవరెవరు చదివారు అన్నది తాలూకాల వారీగా వరుసగా రాయడానికి వాళ్ళకంటే తగినవాళ్ళు లేరు.